నీ-ఓలెసున్ రివ్యూ: బ్లూటూత్ కట్టేసి దిగాల్సిన ఊరు

ముందే చెప్పేస్తున్నా, ఇది టూరిస్టు ఊరు కాదు. స్వాల్బార్డ్ (ఉత్తర ధ్రువం వైపున్న నార్వే దీవులు) క్రూజ్ బ్రోషర్లలో రంగు రంగుల చెక్క ఇళ్లు, వెనకాల మంచుకొండలు చూసి, ఏదో ముద్దొచ్చే యూరప్ పల్లె అనీ, కాఫీ తాగుతూ కిటికీలోంచి హిమానీనదం చూడొచ్చనీ అనుకుంటే దిగాక మొహం వేలాడేస్తారు. కాఫీ షాపు లేదు. మనలాంటి వాళ్లకు రూమ్ ఇచ్చే హోటల్ లేదు. భోజనానికి మెస్ ఒకటుంది కానీ అది అక్కడ పనిచేసేవాళ్లకే. ఒక కొట్టు, ఒక చిన్న మ్యూజియం, ధ్రువ యాత్రలు చేసిన నార్వేవాడు అముండ్‌సెన్ విగ్రహం ఒకటి, పాత బొగ్గు రైలింజన్ ఒకటి, అంతే. మరి నాలుగు స్టార్లు ఎందుకిచ్చావంటారా, అదే చెప్తున్నా.

ఊరు స్పిట్స్‌బెర్గెన్ దీవిలో, కాంగ్స్‌ఫ్యూర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున, 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కణ్ణుంచి ఉత్తర ధ్రువం 1,231 కిలోమీటర్లు. చలికాలంలో ఉండేది ముప్పై నలభై మంది, ఎండాకాలం సైంటిస్టులు వచ్చిపడితే వంద దాటతారు. ఇళ్లు, కరెంటు, మెస్, చిన్న ఎయిర్‌స్ట్రిప్, రేవు అన్నీ కింగ్స్ బే అనే నార్వే ప్రభుత్వ కంపెనీవే. రోడ్డు దారి లేదు. స్వాల్బార్డ్‌లో పెద్ద ఊరైన లాంగ్‌ఇయర్‌బైన్ నుంచి చిన్న విమానం ఉంది కానీ అది పనిమీద వెళ్లేవాళ్లకు, కాబట్టి మనకు ఓడే గతి. నేను నార్వేలోనే ఉద్యోగం చేస్తుంటాను. జులైలో మా బాపు గోదావరిఖని నుంచి వచ్చినప్పుడు చిన్న ఎక్స్‌పెడిషన్ షిప్ ఒకదాంట్లో ఇద్దరం వెళ్లాం. షిప్ పేరు రాయను, ఎందుకో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

అన్నిటికంటే ముందు ఫోన్ సంగతి. ఊరి చుట్టూ ఇరవై కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ ఆన్‌లో ఉండకూడదు. ఉత్త బోర్డు పెట్టి వదిలేసిన రూల్ కాదిది, నిజంగానే పాటిస్తారు. అక్కడ నార్వే మ్యాపింగ్ శాఖవాళ్లకు 13 మీటర్ల వెడల్పున్న డిష్‌లు రెండున్నాయి, 2018లో ఆ కొత్త కేంద్రం తెరిచారు. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్వేసార్ల (బాగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు) నుంచి వచ్చే రేడియో తరంగాలను అవి వింటుంటాయి. అదే టైముకి ప్రపంచంలో ఇంకోచోట ఉన్న డిష్ కూడా అదే క్వేసార్‌ని వింటుంది, ఆ సిగ్నల్ ఎవరికి ఎంత ముందు చేరిందో చూసి భూమి ఎలా తిరుగుతోందో, ఖండాలు ఎటు జరుగుతున్నాయో మిల్లీమీటర్లలో లెక్క తీస్తారు. జీపీఎస్ శాటిలైట్ల లెక్కలకు కూడా ఆధారం ఇదే, అంటే మన ఆటో బుక్ చేస్తే పక్క వీధిలో కాకుండా ఇంటి ముందు ఆగడంలో ఈ డిష్‌లకీ ఓ వాటా ఉందన్నమాట. అక్కడికి వచ్చే సిగ్నల్ ఎంత సన్నదంటే మీ జేబులో ఫోన్ బ్లూటూత్ దాని పక్కన పెళ్లి బ్యాండు మోత.

దీన్ని మా షిప్ వాళ్లు ముందురోజు రాత్రి భోజనాల గోలలో, గడగడా ఇంగ్లిష్‌లో ఒక్కసారి అనౌన్స్ చేసి చేతులు దులుపుకున్నారు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలని అందరికీ అర్థమైంది. స్మార్ట్ వాచ్, ఇయర్ బడ్స్, వైఫై ఉన్న కెమెరా, ఇవి ఎవరికీ తట్టలేదు. పొద్దున దిగే మెట్ల దగ్గర ఒక్కొక్కరినీ ఆపి అడగడం మొదలుపెట్టారు, వాచ్‌లో బ్లూటూత్ ఎక్కడ ఆపాలో తెలీక అందరూ వేళ్లతో నొక్కుతూ నిలబడ్డారు, మాకున్న రెండు గంటల చిల్లరలో కొంత అక్కడే కరిగిపోయింది.

మా బాపుది ఇంకో బాధ. ముప్పై ఏళ్లు దాటి బొగ్గు బాయిలో (గనిలో) డ్రిల్లింగ్ మోతలో పనిచేసిన చెవులు, వినికిడి మిషన్ లేకపోతే పక్కన మాట్లాడినా అందదు. ఆ మిషన్‌లో కూడా బ్లూటూత్ ఉంది. దాన్ని ఆపాలంటే యాప్ తెరవాలి, ఆ యాప్ మిషన్‌తో మాట్లాడాలంటే బ్లూటూత్ కావాలి! ఓడేమో అప్పటికే ఆ ఇరవై కిలోమీటర్ల లోపల ఉంది. గైడ్ పాపం మంచివాడే, ఏం చెప్పాలో తెలీక నవ్వాడు. "గింత దూరం వచ్చి చెవులు మూసుకొని తిరగాల్నారా" అని బాపు రెండు మిషన్లూ తీసి ఆఫ్ చేసి డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. ఇక ఊరంతా రేడియో మౌనం పాటిస్తుంటే నేను మాత్రం ప్రతి బోర్డూ చదివి ఆయన చెవిలో అరుస్తూ తిరిగాను. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి మిషన్ ఉంటే బయల్దేరేముందే డాక్టర్ దగ్గర ఫ్లైట్ మోడ్ బటన్ ఎలా వాడాలో అడిగి పెట్టుకోండి. ఇది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

దిగాక రోడ్డు దాటి పక్కకు అడుగు వేయనివ్వరు. ఆ నాచు, చిన్న చిన్న పూలమొక్కలు తొక్కితే మళ్లీ మొలవడానికి ఏళ్లు పడుతుంది, పైగా పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి. ఆర్కిటిక్ టెర్న్ అని ఒక పిట్ట ఉంది, తెల్లగా, ఎర్ర ముక్కుతో, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో అంత పొగరు. ఏటా ఆర్కిటిక్ నుంచి అంటార్కిటిక్ దాకా పోయి వచ్చే పక్షి, దారి పక్కనే గూడు పెట్టుకుని మనం నడిస్తే నెత్తిమీదికి దూకుతుంది. మనిషిలో అన్నిటికంటే ఎత్తుగా ఏముందో దాన్నే పొడుస్తుంది కాబట్టి చెయ్యో కర్రో పైకెత్తి నడవమంటారు. మా బాపు చేతికర్ర పైకి పట్టుకుని జెండా ఊరేగింపులో పోయినట్టు నడిచాడు, ఆ ఫొటో ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూప్ బొమ్మ.

ఇళ్లకు తాళాలు వేయరు. ధ్రువపు ఎలుగుబంటి వస్తే ఎవరైనా ఏ తలుపైనా తోసి లోపలికి దూరడానికి. ఊరి అంచున ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక బోర్డు ఉంటుంది, అది దాటితే తుపాకీ ఉన్న గైడ్ లేకుండా వెళ్లకూడదు. మాకు ఎలుగు కనబడలేదు, బాతులు మాత్రం దారికి అడ్డంగా పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి, దూరంగా ఒక రెయిన్‌డీర్ మనల్ని లెక్కచేయకుండా మేస్తోంది.

ఇప్పుడు అసలు విషయం. షిప్‌లో దిగిన వాళ్లలో ముప్పావు మంది తిన్నగా కొట్టుకి పరిగెత్తారు. మేం రైలింజన్ దగ్గర ఆగిపోయాం. రేవు దగ్గర చిన్న ఆవిరి ఇంజన్, దాని వెనక నాలుగు బొగ్గు పెట్టెలు, సన్న పట్టాల మీద. మిగతా వాళ్లు దాని ముందు సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయారు. బాపు చక్రాల దగ్గర వంగి, పెట్టెకీ పెట్టెకీ మధ్య కొక్కేన్ని చూసి, దాన్ని ముట్టుకోబోయి గైడ్ వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 1946కు ముందు మనుషులు వదిలేసిన వస్తువు ఏదైనా స్వాల్బార్డ్‌లో చట్టం ప్రకారం రక్షిత వారసత్వం, తుప్పు పట్టిన మేకైనా సరే. "టబ్బులే గదరా. మన టబ్బులే. కాకపోతే జర సన్నగున్నయ్" అన్నాడు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు టబ్బులు తోసే పనేనట. నాకు ఈ ముక్క అప్పటిదాకా తెలీదు.

ఎందుకంటే ఈ ఊరు పుట్టిందే బొగ్గు కోసం. మొదటి ప్రపంచ యుద్ధం టైములో నార్వేలోని ఓలెసున్ పట్నం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ గని తెరిచారు, ఊరికి ఆ పేరే పెట్టుకున్నారు. మ్యూజియం ఈ కథంతా చెప్తుంది. తలుపు తోసుకుని వెళ్లడమే, లోపల పాత పనిముట్లు, దీపాలు, ఫొటోలు. చలికి కాలరు పైకెత్తుకుని మసి మొహాలతో నిలబడ్డ కార్మికుల ఫొటో ముందు బాపు చాలాసేపు నిలబడ్డాడు. 1948లో, 1952లో, 1953లో పేలుళ్లు, ప్రతిసారీ చావులే. చివరికి 1962 నవంబర్ 5న జరిగిన పేలుడులో 21 మంది పోయారు. దర్యాప్తు జరిగింది, గనిలో భద్రత సరిగ్గా లేదని తేలింది, అది పార్లమెంటులో అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లి 1963 ఆగస్టులో నార్వే ప్రధాని గెర్హార్డ్‌సెన్ ప్రభుత్వమే కూలిపోయింది. గని మూసేశారు, మళ్లీ తెరవలేదు. ఇదంతా నేను చెవిలో అరిచి చెప్తుంటే పక్కనున్న జర్మన్ దంపతులు మావైపు తిరిగి చూస్తున్నారు.

బాపు అడిగిన మొదటి ప్రశ్న, "గాలి ఎటునుంచి ఎటు పోయేటిది?" బోర్డులో అది లేదు. రెండోది, "ఇర్వై ఒక్కమంది పోతే గవర్నమెంటే పడిపోయిందా?" పడిపోయింది బాపూ అన్నాను. నెల తిరక్కుండానే మళ్లీ గెర్హార్డ్‌సెనే వచ్చాడనుకోండి, ఆ సంగతి ఓడెక్కాక చెప్పాను. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు, మా కాలనీలో ఆ రోజులు నాకూ గుర్తే. బాపు దాని గురించి ఏమీ అనలేదు, ఫొటోలో మనుషుల్ని ఒక్కొక్కర్నీ వేలు పెట్టి లెక్కబెట్టి బయటికి నడిచాడు. నా నాలుగు స్టార్లలో రెండు ఈ మ్యూజియంవే. సైజు మన ఇంట్లో రెండు గదులంత ఉంటుందేమో. షిప్ వాళ్లు దీనికి కేటాయించిన టైము మాత్రం "వీలైతే ఒకసారి తొంగిచూడండి" అన్నంత.

ఇక మనవాళ్ల హిమాద్రి. ఈ ఊళ్లో పది దేశాల దాకా రీసెర్చి స్టేషన్లున్నాయి, అందులో మనదొకటి, 2008 జులై 1న మొదలైంది, గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. స్వాల్బార్డ్ ఒప్పందం మీద 1920లోనే బ్రిటిష్ ఇండియా తరఫున సంతకం ఉందని చాలామందికి తెలీదు. 2023 డిసెంబర్ నుంచి చలికాలంలో కూడా మనవాళ్లు ఉంటున్నారు, అంటే సూర్యుడే కనిపించని నెలల్లో. 2014లో ఇదే సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున్న చోట ఇండార్క్ అనే పరికరాన్ని కట్టి వదిలారు, నీళ్ల వేడి, ఉప్పు కొలవడానికి. ఇక్కడి మంచు కరిగితే మన రుతుపవనాల మీద ఏం ప్రభావం ఉంటుందన్నది కూడా వీళ్లు చూసే ప్రశ్నల్లో ఒకటి. లోపలికి వెళ్లనివ్వరు, ఏ స్టేషన్‌లోకీ వెళ్లనివ్వరు, తలుపు తట్టి "మేం తెలుగువాళ్లం" అని పలకరించే ఆలోచన పెట్టుకోకండి, పని చేసుకునేవాళ్లు. బయట నిలబడి బోర్డుతో ఫొటో తీసుకోవచ్చు. చైనా వాళ్ల స్టేషన్ ముందు రెండు రాతి సింహాలు కూర్చోబెట్టారు, జనం ఫొటోల కోసం అక్కడే ఎక్కువ ఎగబడతారు. మనవాళ్లు కూడా గుమ్మం ముందు రెండు అరటి పిలకలు కడితే బాగుండును అనిపించింది, ఆ చలికి బతకవు గానీ.

ఊరి వెనక జెప్పెలిన్ కొండ, 474 మీటర్ల ఎత్తున ఒక అబ్జర్వేటరీ, దానికి చిన్న రోప్‌వే. ఫ్యాక్టరీలకీ ఊళ్లకీ దూరం కాబట్టి అక్కడ గాలి శుభ్రం, అందుకే గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరుగుతోందో కొలవడానికి మంచి చోటు. బొగ్గు తవ్విన ఊరే ఇప్పుడు బొగ్గు పొగ లెక్క రాస్తోంది. ఆ రోప్‌వే కూడా టూరిస్టులకు కాదు, అడిగి లేదనిపించుకోవద్దు.

అముండ్‌సెన్ కథ కావాలంటే ఊరి బయట ఇనుప స్తంభం ఉంది. 1926 మే 11న నోర్గె అనే గాలి ఓడ (గ్యాస్ నింపిన పెద్ద బెలూన్ లాంటిది) దానికి కట్టిన తాడు విప్పుకుని బయల్దేరి, ధ్రువం మీదుగా వెళ్లి అలాస్కాలో దిగింది. అముండ్‌సెన్, ఇటలీవాడు నోబిలె, డబ్బు పెట్టిన అమెరికన్ ఎల్స్‌వర్త్ అందులో ఉన్నారు. రెండేళ్లకు నోబిలె ఇటాలియా అనే ఇంకో గాలి ఓడలో ఇక్కణ్ణుంచే వెళ్లి తిరిగొస్తుంటే కూలిపోయింది, అప్పటికి అతనికీ అముండ్‌సెన్‌కీ మాటల్లేవు, అయినా వెతకడానికి ట్రోమ్సో నుంచి విమానమెక్కిన అముండ్‌సెన్ మళ్లీ కనబడలేదు. నోబిలె మాత్రం బతికి బయటపడ్డాడు. స్తంభం దాకా వెళ్లాలంటే తుపాకీ గైడ్ కావాలి, మా బ్యాచ్‌ని తీసుకెళ్తామని బుకింగ్‌లో రాసిన షిప్ వాళ్లు మెట్ల దగ్గర ఆలస్యాన్ని సాకుగా చూపి ఎగ్గొట్టారు. ఆ ఆలస్యం వాళ్ల వల్లే కదా! దూరం నుంచి చూపించి "అదిగో" అన్నారు. లక్షలు పోసి ఎక్కేది "అదిగో" అనిపించుకోవడానికా? రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను, క్షమాపణ మెయిల్ ఒకటి వచ్చింది, డబ్బు రాలేదు.

కొట్టు సంగతి. ఉన్నది ఒకటే, ఓడ వచ్చినప్పుడు తెరుస్తారు. టోపీలు, స్వెటర్లు, ఎలుగుబంటి బొమ్మలు, చాక్లెట్లు, పోస్టుకార్డులు. స్వాల్బార్డ్‌లో వ్యాట్ లేదు కాబట్టి చవక అనుకోకండి, సరుకంతా ఓడ మీద రావాలి, ధర చూసి రూపాయల్లోకి మార్చారంటే ఏదీ కొనలేరు. కార్డు నడుస్తుంది. సరుకు నాణ్యత బాగుంది, నేను కొన్న ఉన్ని టోపీ ఇప్పటికీ వాడుతున్నా. చిట్కా ఏంటంటే, దిగగానే అందరూ అక్కడే పడతారు, బిల్లు దగ్గర లైను బయటి దాకా వస్తుంది, మీరు ముందు మ్యూజియం చూసి చివర్లో వెళ్తే ప్రశాంతంగా కొనుక్కోవచ్చు. పోస్టుకార్డు మాత్రం తప్పకుండా వేయండి, ఇంత ఉత్తరాన పోస్టు ముద్ర ఇంకెక్కడ పడుతుంది. బాపు తన పాత షిఫ్ట్ దోస్తులకు ఒకటి రాశాడు, "ఇక్కడ కూడా బాయి ఉండె, మూసిండ్రు, ఇంజన్ ఇంకా ఉంది" అని. వారాలు పట్టింది కానీ చేరింది.

వెళ్లాలనుకునేవాళ్లకు వీసా ముక్క: స్వాల్బార్డ్‌కి వీసా అక్కర్లేదు అని యూట్యూబ్‌లో ఊదరగొడతారు, నిజమే, కానీ అక్కడికి పోవాలంటే నార్వే మీదుగానే పోవాలి. స్వాల్బార్డ్ షెంగెన్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం) లేదు, కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు వాళ్లు డబుల్ ఎంట్రీ షెంగెన్ వీసా తీసుకోవాలి, సింగిల్ ఎంట్రీతో వెళ్తే తిరిగి రావడం దగ్గర ఇరుక్కుంటారు. బాపుకి మేం అందుకే మల్టిపుల్ అడిగాం. జులైలో కూడా చలి ఐదారు డిగ్రీలు, గాలి వేస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది, రాత్రి అనేది ఉండదు, కళ్లకు గంతలు పెట్టుకుని పడుకోవాలి. లాంగ్‌ఇయర్‌బైన్ నుంచి వేసవిలో ఒక్కరోజు పడవ ట్రిప్పులు కూడా కొన్ని ఉంటాయి, ఈ ఊరు ఒక్కటే చూడాలంటే అవి చూసుకోండి, ఖర్చు చాలా తగ్గుతుంది.

మొత్తానికి ఊరికి ఐదుకి నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే మ్యూజియంలో బోర్డుల మీద గని లోపలి పని గురించి ఇంకాస్త రాయొచ్చు, గాలి ఎటు పోయేదో సహా. మేం వెళ్లిన షిప్‌కి రెండు, అదీ వంటవాడి వల్ల. మూడో రోజు బాపు మొహం చూసి అడక్కుండానే అన్నం వండి, పెరుగు, ఉప్పు పక్కన పెట్టాడు. చిన్నపిల్లలున్నవాళ్లకు మాత్రం ఈ స్టాప్ చెప్పను, రోడ్డు దిగొద్దు, ముట్టుకోవద్దు, పిట్ట పొడుస్తుంది అని రెండు గంటలు అరవడమే సరిపోతుంది.